మైండ్ చేసినవాళ్ళ సగం

దేవుడు మనుషుల్ని మైండ్ చేస్తాడంటే అది ఏ మైండో వెర్లిన్‌కి చాలా ఏళ్ళుగా తేలని సందేహం. ఆదివారం ఆరాధన ముగిసే ముందు సంఘపెద్ద కళ్ళు మూసుకుని, గడిచిన వారమంతా మమ్మల్ని మైండ్ చేసినట్టే వచ్చే వారమూ మైండ్ చెయ్యి ప్రభువా అంటాడు. అందరితోపాటు వెర్లిన్ కూడా ఆమెన్ అంటుంది. అనేసి, కళ్ళు తెరిచేలోపు కాసేపు ఆగుతుంది. ఆ మాటకి తలుచుకోవడమని అర్థమా, మేపడమనా? పైన కూర్చుని అప్పుడప్పుడూ మనల్ని గుర్తు చేసుకుంటే ఆయన పని అయిపోయినట్టేనా? లేక పొద్దున్నే లేచి, పలుపు విప్పి నీడలోకి మార్చి, గిట్టలో ముల్లు దిగిందేమో చూసి, నీళ్ళ బకెట్టు కడిగి పెట్టడం కూడా అందులో ఉందా? ఉంటే ఆయనకి నడుం నొప్పి పుట్టదా? పాస్టరుగారిని అడగొచ్చు. అడిగితే ఆయన నవ్వి, మంచి ప్రశ్న సిస్టర్ అని, వచ్చే వారం అదే ప్రసంగంలో చెప్పి, చివరికి తలుచుకోవడమే అని తేలుస్తాడు. ఆయన ఎప్పుడూ మేకల్ని మేపలేదు.

టొబాగో కొండల్లో గ్రేస్ హిల్ అనే ఆ ఊళ్ళో ఆ ఒక్క మాటతో సగం బతుకు గడిచిపోతుంది. పిల్లల్ని పెంచితే మైండ్ చేసినట్టు. కోడిని, మేకని, మంచం పట్టిన ముసలివాళ్ళని చూసుకున్నా మైండ్ చేసినట్టే. మెట్టు విరిగి ఉంటే మైండ్ అని అరుస్తారు, అంటే చూసుకుని అడుగు వెయ్యమని. ఎదురు మాట్లాడే పిల్లని నోరు మైండ్ చేసుకోమంటారు. పక్కవాడి బాగు చూసి ఏడ్చేవాడిది చెడ్డ మైండ్. ఆకాశం నిర్మలంగా ఉన్నా వాన వస్తుందని తోస్తే, నా మైండ్ చెప్పింది అంటారు. మగవాడు ఒక ఆడదాని తిండీ బట్టా చూస్తుంటే అతను ఆమెని మైండ్ చేస్తున్నాడంటారు. మనసుకీ, బుద్ధికీ, జ్ఞాపకానికీ ఎలాగూ అదే పేరు. ఇన్నిటిలోనూ వెర్లిన్ పేరుకి అతుక్కుపోయినవి రెండు. వెర్లిన్ మైండ్ చేస్తుందిలే అనేది మొదటిది. వెర్లిన్‌కి మైండ్ లేదులే అనేది రెండోది. ఆ రెండోది విని కొత్తవాళ్ళు ఆమెకి తెలివి లేదనుకుంటే వాళ్ళ తప్పేమీ లేదు. అభ్యంతరం లేదని దాని అర్థం. ఇంటికి చుట్టాలొస్తే ఆమె మంచం వాళ్ళకి ఇచ్చేటప్పుడు, చర్చి వంటగదిలో గిన్నెలు మిగిలిపోయినప్పుడు, అత్తగారు మిస్ క్లోథిల్‌ని ఆమె కూతురింటి నుంచి ఇక్కడికి తెచ్చేసేటప్పుడు, ఎవరో ఒకరు ఆమె వైపు చూసి, మైండా, అని అడిగేవారు. ఆమె నోరు తెరిచేలోపు ఇంకెవరో, ఆమెకి మైండ్ లేదులే, అనేసేవారు.

మేకలు కూడా ఆ ఇంటికి అలాగే వచ్చాయి. చాలా ఏళ్ళ కిందట ఈస్టరు మేకల పరుగు పందేలు చూసి వచ్చిన ఊపులో వెర్లిన్ భర్త ఎల్ఫర్డ్ ఒక గోధుమరంగు ఆడమేకని కొనుక్కొచ్చాడు. దీని కడుపున పందెం పోతుని పుట్టిస్తానని, ఊరంతా నోరెళ్ళబెడుతుందని చెప్పి దానికి డచెస్ అని పేరు పెట్టాడు. వారం తిరగకముందే రోడ్డు పనికి పిలుపు వచ్చింది, శని ఆదివారాలు వల లాగడానికి బీచికి వెళ్ళాలి. పలుపు వెర్లిన్ చేతికిచ్చి, "కాస్త దీన్ని మైండ్ చేస్తూ ఉండు" అన్నాడు. ఆ కాస్త ఇప్పటిదాకా సాగింది.

వెర్లిన్‌కి మేకల సంగతి ఏమీ తెలియదు. నేర్చుకుంది. మంచు ఆరని గడ్డి తింటే కడుపు ఉబ్బుతుందని ఒక పిల్ల చచ్చాక తెలిసింది. వాన చినుకు పడగానే అవి చంటిపిల్లల్లా ఏడుస్తాయని, గ్లైరిసిడియా కొమ్మల కంటే సీమపనస ఆకులంటే ప్రాణమిస్తాయని, తల్లి పాలివ్వనన్న పిల్లని ఇంకో తల్లికి ఎలా అలవాటు చేయాలో, గిట్టలు ఎంతవరకు కోస్తే నెత్తురు రాదో, అన్నీ వేళ్ళకి తెలిశాయి. మేక కళ్ళ కింది రెప్ప లాగి చూసి కడుపులో పురుగులున్నాయో లేవో చెప్పేది. ఆమె మేకల చర్మం నూనె రాసినట్టు మెరిసేది. దారినపోయే వాళ్ళు కంచె దగ్గర ఆగి, ఎల్ఫర్డ్ మేకలు చూడండ్రా, ఎంత నిగనిగలాడుతున్నాయో, అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా వెర్లిన్ ఛాతీ పొంగేది. ఇంటి మెట్లెక్కేసరికి ఆ పొంగు తగ్గి, చెప్పులో ఇసకరాయిలా ఏదో గుచ్చుకునేది. ఏమిటది అని తనని తనే అడిగితే, మేకల పేరు ముందున్న ఆ పేరు, అని జవాబు వచ్చేది. భర్త పేరు గుచ్చుకోవడమేమిటి, తప్పు కదా, అని తనే సర్దుకునేది. ఎల్ఫర్డ్ చెడ్డవాడేమీ కాదు. తాగి కొట్టే రకం కాదు, ఇంకో ఇల్లు పెట్టిన రకమూ కాదు. జీతం తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. పెడుతూ, ఇంతమందిని మైండ్ చేయడమంటే మాటలా, అనేవాడు. అతని చేతిలో అప్పటికే ఆమె వేడి చేసి ఇచ్చిన పళ్ళెం ఉండేది.

ఆమెకి మేకలతో ఇంకో పని ఉంది. అది ఆమెకీ దేవుడికీ మధ్య ఉన్న సంగతి. కూతురు కేజియాకి పదేళ్ళప్పుడు జ్వరం తగిలి, ఒళ్ళు కాలిపోతూ, తల్లిని కూడా గుర్తుపట్టలేదు. ఆ పూట దొడ్లో నిలబడి వెర్లిన్ మొక్కుకుంది. దీన్ని నాకు ఉంచు ప్రభువా, నా చేతి కింద పుట్టి పెరిగిన మేకపిల్లని, నా సొంతదాన్ని, కోత పండక్కి నీ గుమ్మంలో కడతాను అంది. కేజియా లేచి కూర్చుంది. ఇప్పుడు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో నర్సు చదువుతోంది. మొక్కు మాత్రం తీరలేదు.

తీర్చడానికి ఆ ఏడాదే దొడ్లోకి వెళ్ళింది. మంచి తెల్లపిల్ల మెడమీద చెయ్యి వేసింది. వేశాక తట్టింది, ఇది నాది కాదని. ఇందులో ఒక్కటీ నాది కాదే అని. మొగుడిని అడిగింది. ఎల్ఫర్డ్ ధారాళంగానే అన్నాడు, దానికేముంది, పట్టుకెళ్ళు, నా పేరు చెప్పి ఇచ్చేయ్ అని. కోత పండగ నాడు ఎవరేం తెచ్చారో సంఘపెద్ద గట్టిగా పేరు చెప్పి పిలుస్తాడు. బ్రదర్ ఎల్ఫర్డ్ ఇచ్చిన మేకపిల్ల, అని పిలుస్తాడు. అతను ఇచ్చినదాన్ని మోసుకెళ్తే అది తన మొక్కు ఎలా అవుతుంది? దేవుడికి ఇంకొకరి సొమ్ముతో బాకీ తీర్చొచ్చా? పిల్లని వదిలేసి వచ్చి, ఆ ఏడు నువ్వుల ఉండలు చేసి పట్టుకెళ్ళింది. మరుసటేడు చేమదుంపలు, కర్రపెండలం. ఏటా ఏదో ఒకటి. ప్రతి ఏడూ పండగ దగ్గరపడే కొద్దీ అప్పు పెట్టిన కొట్టు ముందునుంచి నడిచినట్టు తల వంచుకుని చర్చి మెట్లెక్కేది.

ఈ ఏడు పండగకి వారం ముందు, రాత్రి భోజనాల దగ్గర ఎల్ఫర్డ్ చల్లగా చెప్పాడు. మేకలన్నీ అమ్మేశాడట. సముద్రం పక్కన హోటలు నడిపే ఆయన ఏదో పెళ్ళికి మొత్తం మందే కావాలన్నాడట. శనివారం లారీ వస్తుంది. ఆ డబ్బుతో మేనమామ కొడుకు పడవలో వాటా కొంటాడు. రోడ్డు పని ఎన్నాళ్ళుంటుందో ఎవరికి తెలుసు, పడవైతే ముసలితనంలో కూడా మనల్ని మైండ్ చేస్తుంది అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. పీతల కూరలో పిండి ఉండ ముంచుతూ ఎప్పట్లాగే అడిగాడు.

"నీకు మైండా వెర్?"

గోడ పక్క కుర్చీలో మిస్ క్లోథిల్ ఉంది. మోకాళ్ళు పనిచేయని ఆ ముసలావిడ తన పళ్ళెంలో పీత కాలు విరుస్తూ తలెత్తలేదు. ఆ ఇంట్లో ఆ ప్రశ్న, అన్నం తిన్నారా అని దారిలో అడిగినంత మాత్రమే. వెర్లిన్‌కి నాలుక చివర లేదు అనే మాట తయారుగా ఉంది. ఇన్నేళ్ళ అలవాటు, దాన్ని ఆపడం తుమ్ముని ఆపినంత కష్టం. ఆ ఒక్క క్షణంలో ఆమెకి తెల్లపిల్ల మెడ గుర్తుకొచ్చింది. శనివారం తర్వాత దొడ్డి ఖాళీ. ఇంక ఎప్పటికీ ఇవ్వడానికి ఏమీ ఉండదు. నువ్వుల ఉండలు పట్టుకుని, చచ్చేదాకా తల వంచుకుని ఆ మెట్లెక్కాలి.

"మైండే" అంది.

ఎల్ఫర్డ్ నమలడం ఆపాడు. "ఏమన్నావ్?"

"మైండే అన్నాను. అందులో సగం నాది. మైండ్ చేసినవాళ్ళది సగం."

అతను మొదట నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు, ఇల్లు కదిలినట్టనిపించిన మనిషి నవ్వు అది. ఆ ఊళ్ళో ఆ నియమం తెలియని వాళ్ళు లేరు. ఆడ పశువుని ఒకరు కొని ఇంకొకరికి మేపడానికి ఇస్తే, తల్లి ఎప్పటికీ యజమానిదే. మొదటి ఈత యజమానిది, రెండో ఈత మైండ్ చేసినవాళ్ళది, అలా మార్చి మార్చి. కాగితం ఉండదు, సాక్షులుండరు, ఎవరూ మాట తప్పరు. తప్పినవాడికి ఊళ్ళో పలుపు పట్టుకునేవాడు దొరకడు. ఎల్ఫర్డ్‌కి కూడా పై లోయలో ఒక ఆవు ఉంది, దాన్ని హాలిస్ అనే అతను మేపుతాడు. రెండో దూడా, నాలుగో దూడా హాలిస్‌వే. ఒకసారి ఎవరో మేపినవాడిని మోసం చేయబోతే రమ్ము కొట్టులో అందరి ముందూ లేచి నిలబడి, మైండ్ చేసినవాడి చెమట తినేవాడు నా బల్ల దగ్గర కూర్చోవద్దు అన్నది ఈ ఎల్ఫర్డే. ఆ రోజు ఇంటికొచ్చి ఆ మాట వెర్లిన్‌కి రెండుసార్లు చెప్పుకున్నాడు కూడా. ఆమెకి అప్పుడు అతని మీద నిజంగానే గర్వం కలిగింది.

హాలిస్‌కి దూడలిస్తావు, నాకేమిచ్చావు, అని ఇప్పుడు ఆమె నెమ్మదిగానే అడిగింది. హాలిస్ బయటివాడు, నువ్వు ఇంటిదానివి, అన్నాడు ఎల్ఫర్డ్. ఇంటిదాన్నైతే నడుం నొప్పి పుట్టదా అంది. అతను చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడ్డాడు.

"నువ్వు నా పెళ్ళానివి వెర్. నేను నిన్ను మైండ్ చేస్తున్నాను, నువ్వు మేకల్ని మైండ్ చేస్తున్నావు. అన్నీ కలిపి చివరికి నా చేతి కిందివేగా."

"నువ్వు నన్ను మైండ్ చేస్తుంటే, నేనెవరి మేకని?" అంది వెర్లిన్. "నన్ను నీకు మేపుకోమని ఎవరిచ్చారు? మా అమ్మే ఇచ్చుంటే, మొదటి ఈత ఆవిడది. కేజియాని మా అమ్మకి పంపించావా?"

మిస్ క్లోథిల్ గొంతులో ఏదో అడ్డం పడింది. దగ్గు అనుకుని వెర్లిన్ నీళ్ళ గ్లాసు అందించింది. ముసలావిడ నీళ్ళు తాగలేదు. భుజాలు మాత్రం చాలాసేపు కదిలాయి.

ఎల్ఫర్డ్ టోపీ పెట్టుకుని రమ్ము కొట్టుకి పోయాడు. వెర్లిన్ పళ్ళేలు తీసింది. నీళ్ళలో వేసి తోమడం మొదలుపెట్టింది. లోపల ఏదో నిటారుగా లేచి నిలబడింది. ఇన్నేళ్ళూ మైండ్ అంటే తను చేసే పని అనుకుంది. తనకీ ఒకటి ఉందని, తన తలలో, తన ఎముకల వెనక, దానికీ ఒక గొంతు ఉందని, అది ఇంతకాలం మర్యాదగా తన వంతు కోసం కూర్చుందని తెలిసేసరికి నవ్వొచ్చింది. మొగుడితో ఎదురు మాట్లాడడం పాపమా అని అలవాటు చొప్పున ఒకసారి ఆలోచించింది. పాపమైతే ఆదివారం ఒప్పుకుందాం అనుకుని గిన్నె బోర్లించింది.

ఎల్ఫర్డ్ చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, ఆ సంగతి రమ్ము కొట్టులో వేళాకోళంగా చెప్పడం. నా పెళ్ళాం సగం వాటా అడుగుతోందిరా అన్నాడట. ఒకరిద్దరు నవ్వారు. తర్వాత నవ్వు నిలవలేదు. అక్కడున్న వాళ్ళలో చాలామంది ఎవరి పశువునో మేపేవాళ్ళే. నియమం అన్నది మాటమీదే నిలబడి ఉంది, దాన్ని తలోవైపు లాగితే తెగుతుందని వాళ్ళకి తెలుసు. మరి మైండ్ చేసింది ఆమే కదా, అన్నాడట ఎవరో మెల్లిగా. ఎల్ఫర్డ్ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడట.

ఇవన్నీ మర్నాడు పొద్దున్న హాలిస్ చెబితే తెలిశాయి. అతను దొడ్డి దగ్గరికొచ్చి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సిస్టర్ వెర్లిన్, నీ వల్ల నా ఇంట్లో పొయ్యి వెలగలేదు" అన్నాడు.

ఏమైందని అడిగింది. నిన్న కొట్టులో జరిగింది ఇంటికెళ్ళి పెళ్ళానికి చెప్పాడట. ఆమె గరిటె కింద పెట్టి, మరి ఎల్ఫర్డ్ ఆవుని మైండ్ చేస్తున్నదెవరు, అందట. నిజానికి లోయలోకి వెళ్ళి ఆవుని మార్చి కట్టేదీ, నీళ్ళు మోసేదీ ఆమే. హాలిస్‌కి వెన్ను నొప్పి. అమ్మిన దూడల మాట ఎత్తి, అవి ఎవరివో చెప్పు, నేను పొయ్యి వెలిగిస్తాను, అని కూర్చుందట. నువ్వేమన్నావని వెర్లిన్ అడిగితే, ఏమంటాను, టీ కూడా తాగలేదు, అని వెర్లిన్ చేత కుండలోంచి టీ పోయించుకుని తాగి వెళ్ళాడు.

శుక్రవారం సాయంత్రం ఎల్ఫర్డ్ పని నుంచి వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పుతూ ఆమెవైపు చూడకుండానే అన్నాడు. నియమం కావాలన్నావుగా, నియమం ప్రకారమే పంచుదాం. సగం మీద ఒక్క తోక కూడా ఎక్కువ అడగకు. ఆ మాట ఆమెకి దయగా అనిపించలేదు, అవమానంగానూ అనిపించలేదు. హాలిస్‌తో మాట్లాడేటప్పుడు అతని గొంతు అలాగే ఉంటుంది. అలా తనతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఏ మేక ఎవరి కడుపున పుట్టిందో మూడో మనిషి ఒకరు చెప్పాలి. నన్ను బయటికి తీసుకెళ్ళండి, అంది మిస్ క్లోథిల్. ఇద్దరూ కలిసి కుర్చీతో సహా మోసుకెళ్ళి దొడ్డి గేటు పక్కన దింపారు. ఇన్నేళ్ళూ కిటికీ పక్కన కూర్చుని ముసలావిడ ఏం చూస్తోందో ఎవరూ అడగలేదు. ఇప్పుడు కర్రతో చూపిస్తూ ఒక్కోదాన్ని పిలవడం మొదలుపెట్టింది. డచెస్ మొదటి ఈత అదుగో, ఒంటికొమ్ముది, ఎల్ఫర్డ్‌ది. రెండో ఈత ఆ మచ్చలది, అది పిల్లది. పిల్ల అంటే వెర్లిన్. మచ్చలదాని కడుపున పుట్టినవి ఆ రెండూ, వాటి పిల్లలు ఈ మూడూ.

"వాటిలోనూ ఒక ఈత నాది, ఒక ఈత వెర్‌ది" అన్నాడు ఎల్ఫర్డ్.

"ఎలా?" అంది తల్లి. "మచ్చలది పిల్లది. పిల్ల తన మేకని తను మైండ్ చేసుకుంటే నీకెందుకు వాటా? వాటి తోక కూడా నీది కాదు."

నియమం ఎలా నడుస్తుందో ఎల్ఫర్డ్‌కి తల్లి కంటే బాగా తెలుసు. యజమాని సొంత మేకల ఈతల్లో సగం మేపినవాళ్ళది. మేపినవాళ్ళ మేకల ఈతలు పూర్తిగా మేపినవాళ్ళవే. ఏళ్ళు గడిచేకొద్దీ ఏ వైపు ఎక్కువ పెరుగుతాయో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. కర్ర చూపించిన దారిలో వెర్లిన్ ఒక్కొక్క మేకని కుడివైపు, ఎడమవైపు కడుతూ పోయింది. ఆమె వైపు తొమ్మిది చేరాయి. అతని వైపు, డచెస్‌తో కలిపి, ఐదు.

చివరికి నల్లపోతు మిగిలింది. మందలో అదే మగధీరుడు. దాని మెడ చూసే హోటలాయన మొత్తం కొంటానన్నాడు. మిస్ క్లోథిల్ కళ్ళు చికిలించి, ఇది ఎవరి కడుపుదో తోచడం లేదు, చీకటి పడుతోంది, అంది. తోచక కాదని వెర్లిన్‌కి అర్థమైంది. ముసలావిడ దాన్ని ఆమె చేతుల్లో పెడుతోంది. ఒక్క మాట అంటే చాలు. ఆ పిల్ల పుట్టిన పూట దాని కాళ్ళు ముందుకు లాగింది తనే, ముక్కులో ఊదింది తనే. దాని ముఖం చూసింది. తర్వాత పలుపు పట్టుకుని ఎడమవైపుకి నడిపించింది.

"ఒంటికొమ్ముదాని మూడో ఈత" అంది. "నీ వంతు."

ఎల్ఫర్డ్ పలుపు అందుకోకుండా ఆమెని చూస్తూ నిలబడ్డాడు. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు, అన్నాడు. నాకు తెలిసేది కదా, అంది. అతను పలుపు తీసుకుని, ముడి వేస్తూ, ఇంక నిలబడడానికి ఏదో ఒకటి కావాలన్నట్టు, మరి నీవి ఎక్కడ కడతావు, ఈ స్థలం నాది, అన్నాడు.

"స్థలం నాది" అంది మిస్ క్లోథిల్. "నేను పోయేదాకా నాదే. ఎక్కడైనా కట్టుకో పిల్లా, నాకు మైండ్ లేదు. ఇప్పుడు నన్ను లోపలికి మొయ్యండి, దోమలు పీకేస్తున్నాయి."

లోపలికి వెళ్ళాక, ముసలావిడ కాళ్ళకి నూనె రాస్తుండగా, మీరెందుకలా చెప్పారు మిస్ క్లోథిల్, అని వెర్లిన్ అడిగింది. నా మొగుడి ఆవుల్ని మైండ్ చేసి చేసి మోకాళ్ళు అరిగాయి, అప్పుడు నన్నెవరూ గేటు దగ్గర కూర్చోబెట్టలేదు, అంది ముసలావిడ. అని, ఎడమకాలికి ఇంకాస్త రాయమంది.

శనివారం లారీ వచ్చింది. హోటలాయన దిగి దొడ్డి చూసి, అతని వైపువాటిని ఎక్కించి, ఇటువైపువాటి దగ్గర ఆగాడు. మరి ఇవి, అని ఎల్ఫర్డ్‌ని అడిగాడు. వెర్లిన్ వంటింటి కిటికీలో నిలబడి కర్రపెండలం చెక్కు తీస్తోంది. కత్తి ఆగింది. తన మొగుడు ఇప్పుడు ఏమంటాడో అన్నదాన్ని బట్టి మిగతా బతుకు ఉంటుందని ఆమెకి తెలుసు.

"అవి నావి కావు" అన్నాడు ఎల్ఫర్డ్. "ఆమెని అడుగు."

హోటలాయన కిటికీ వైపు తిరిగి, టోపీ మీద చెయ్యి పెట్టి, మేడమ్ అని పిలిచి, మంచి ధర చెప్పాడు. ఆమె అమ్మనంది. కత్తి మళ్ళీ కదిలింది. లారీ వెళ్ళాక ఎల్ఫర్డ్ డచెస్‌ని పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు. దాన్ని అమ్మలేదు, ముసలిదని వాళ్ళు తీసుకోలేదన్నాడు. నిజంగా వాళ్ళు తీసుకోలేదో, అతనే ఇవ్వలేదో ఆమె అడగలేదు. పడవలో వాటా ఈ ఏడాదికి చిన్నదే వస్తుందన్నాడు. అందులో నింద ఎంత ఉందో ఆమె తూచి చూసింది. కొంచెమే ఉంది.

"దీన్ని కాస్త మైండ్ చేస్తావా?" అన్నాడు.

"సగం పాలికైతే చేస్తాను."

"ఈ వయసులో అది ఇంకేం ఈనుతుంది వెర్."

"నీ అదృష్టం" అంది. ఎల్ఫర్డ్ ముఖంలో, ఇష్టం లేకుండానే, ఒక మూల నవ్వు కదిలింది. పలుపు ఆమె చేతికివ్వకుండా తనే తీసుకెళ్ళి నీడలో కట్టాడు. నీళ్ళ బకెట్టు ఎక్కడుందని అక్కడినుంచే అరిచాడు. ఎక్కడుందో వెతుక్కోమంది.

కోత పండగ ఆదివారం వెర్లిన్ తెల్లవారకముందే లేచి, తన మందలో ఒక ఆడ మేకపిల్లని ఎంచింది. మచ్చలదాని మనవరాలు. ఏ లోపమూ లేనిది. గిట్టలు కడిగి, కొత్త పలుపు కట్టి, తన తెల్ల గౌనుకి మట్టి అంటకుండా ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో పిల్లని నడిపించుకుంటూ కొండ దిగింది. ఇంటింటా పొయ్యిల మీద పండగ వంటలు ఉడుకుతున్నాయి. గుమ్మాల్లో ఉన్న ఆడవాళ్ళు ఆమెని చూసి పనులు ఆపారు. హాలిస్ భార్య అరుగు మీద నిలబడి చెయ్యి పైకెత్తింది. వెర్లిన్ తల ఎత్తుకుని నడిచింది. చర్చి మెట్ల ముందు చెరకు గడలు, అరటి గెలలు, గుమ్మడికాయలు పేర్చి ఉన్నాయి. సంఘపెద్ద ఎదురొచ్చి, మంచి పిల్ల, బ్రదర్ ఎల్ఫర్డ్ ఇచ్చినదని పిలవనా, అన్నాడు.

"సిస్టర్ వెర్లిన్ ఇచ్చినదని పిలవండి" అంది.

అతను ఒకసారి ఆమె వెనక్కి చూశాడు. ఎల్ఫర్డ్ దారిలో, తల్లి కుర్చీని ఇంకొకరి సాయంతో మోసుకుంటూ వస్తున్నాడు. ఆ మాట అతనికీ వినపడింది. అతను తల అడ్డంగా ఊపలేదు. సంఘపెద్ద మెట్టెక్కి ఆమె పేరు గట్టిగా పిలిచాడు.

వెర్లిన్ గుమ్మం స్తంభానికి పలుపు చుట్టి, రెండు ముళ్ళు వేసి, చెయ్యి తీసేసింది. పిల్ల ఒకసారి అరిచి, పేర్చిన చెరకాకుని కొరకడం మొదలుపెట్టింది. ఇదిగో ప్రభువా, కేజియా బాకీ, అంది లోలోపల. ఆలస్యానికి క్షమించమని అడగబోయి ఆగింది. ఆలస్యం ఆమెది కాదు.